లంకమల కలివికోడియు, స్విట్జర్లండు కొండమేకయు

ఒంటిమిట్ట కోదండరామస్వామి గోపురమును చూచుటకు దేశదేశముల నుండి యాత్రికులు వచ్చుచుందురు. ఆ గోపురమునకు ఉత్తరముగా, సిద్ధవటము దాటి, పెన్నానదికి ఆవల సాగియున్న లంకమల కొండలను చూచుటకు వచ్చువారు మాత్రము అరుదు. మన సభ్యులకు ఆ కొండలు వంటచెరకునకును, మేకల మేపునకును, ఎండకాలమున చింతపండునకును తెలిసినవే. ఎర్రచందనపు దొంగల కథలును తెలిసినవే. కాని ఆ కొండల పాదమున, ముండ్ల పొదల నడుమ, ప్రపంచమున మరెక్కడను నేడు ఉన్నట్లు రూఢిగా తెలియని పక్షి యొకటి కలదనియు, దాని కొరకై దేశాంతరముల పండితులు రాత్రులందు దీపములు పట్టుకొని తిరిగిరనియు ఎరిగినవారు కొలదిమంది.

ఇటీవల సంఘపు సమావేశము ముగిసిన పిమ్మట మేకల మందగల సభ్యుడొకడు ఒక ప్రశ్న వేసెను. "ఐరోపాలోని చిన్న చిన్న కొండదేశములవారు తమ అడవి మృగములను చక్కగా కాపాడుకొన్నారని పత్రికలలో వ్రాయుచున్నారు గదా, వారికి మేకలు లేవా? పొలములు లేవా? మాకు మాత్రమే అడవిలో కాలు పెట్టరాదని చెప్పుదురేల?" అని యాతని ప్రశ్న. ఇది కోపముతో వేసిన ప్రశ్నయైనను న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము వెదకుచు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

స్విట్జర్లండు దేశము మొత్తము వైశాల్యము సుమారు 41 వేల చదరపు కిలోమీటర్లు. 2022లో విభజింపబడుటకు పూర్వము మన కడప జిల్లా ఒక్కటే 15 వేలకు పైబడి యుండెను. అనగా ఆ దేశము మూడు కడప జిల్లాలకు కొంచెము తక్కువ. అందు సగమునకు మించి ఆల్ప్సు పర్వతములే. ఆవులు, గొర్రెలు, మేకలు వారికిని కలవు. వేసవిలో మందలను కొండమీది పచ్చిక బయళ్లకు తోలుట, చలికాలము వచ్చుసరికి దించి కొట్టములలో కట్టి ఎండుగడ్డితో పోషించుట వారి పూర్వాచారము. కనుక వారికి మేకలు లేవా యను ప్రశ్నకు సమాధానము సులభము: కలవు, వెనుకటి కాలమున ఇంకను ఎక్కువగా నుండెను.

వారును మొదట తమ మృగములను కాపాడుకొనలేదు. ఐబెక్సు అను కొండమేక యొకటి ఆ పర్వతములందు నివసించును. పోతుల కొమ్ములు వెనుకకు వంగి, కణుపులు కణుపులుగా, మూడడుగుల వరకు పెరుగును. కోతి కూడ ఎక్కలేని కొండచరియలపై అది పిల్లలతో తిరుగాడును. దాని నెత్తురు ఔషధమనియు, కడుపులోని రాయి విషహరమనియు, కొమ్ముపొడి బలవర్ధకమనియు జనులు నమ్మిరి. మన యొద్ద అలుగు పెంకునకును, దేవాంగపిల్లి కన్నులకును ఉన్న ప్రసిద్ధి వంటిదే యిది. తుపాకులు వచ్చిన పిదప ఈ వైద్యము వలన 19వ శతాబ్ది ఆరంభమునకే స్విట్జర్లండులో కొండమేక కనుమరుగయ్యెను. ఆల్ప్సు పర్వతములన్నిటిలో ఇటలీ వైపున గ్రాన్ పారడీసో అను నొక్క చోట మాత్రము నూరు తలలు మిగిలెనని లెక్క. వాటిని మిగిల్చినది జీవకారుణ్యము కాదు. రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజునకు వేటయందు మక్కువ ఎక్కువ. తానొక్కడే వేటాడవలెనని 1856లో ఆ కొండలను రాజవేట భూమిగా ప్రకటించి కావలి పెట్టెను. వేటగాండ్రనే కావలివాండ్రుగా నియమించుట ఆయన తెలివి.

స్విస్సువారు 1875లో వేటచట్టము చేసిరి. తరువాత కొండమేకలను కొందుమని అడిగిరి, కాని ఇటలీ రాజులు అమ్ముటకు ఒప్పుకొనలేదు. అప్పుడు జరిగిన పని న్యాయశాస్త్రము ఒప్పునది కాదు. 1906లో దొంగవేటగాండ్రు కొన్ని పిల్లలను పట్టి, సరిహద్దు దాటించి, సాంక్ట్ గాలెన్ పట్టణమందలి మృగోద్యానమునకు చేర్చిరి. పాలు పోసి పెంచిరి. 1911లో వాటి సంతానమును కొండలపై విడిచిపెట్టిరి. నేడు ఆ దేశమున సుమారు 17 వేల కొండమేకలున్నవి. సంఖ్య మితిమీరిన చోట్ల 1977 నుండి ప్రభుత్వమే లెక్క ప్రకారము వేటకు అనుమతి నిచ్చుచున్నది. అయితే అన్నియు ఆ నూరింటి సంతతియే యగుటచే వాటి బీజమున వైవిధ్యము తక్కువ. తెగుళ్లకు లోనగునను భయము పండితులకు నేటికిని కలదు. విత్తనపు గింజలు ఒకే గాదె నుండి పదే పదే తీసికొన్న రైతునకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

మన వంటి సంఘములకు ఇంతకంటె ఆసక్తి కలిగించు విషయము మరొకటి కలదు. జెర్నెజ్ అను కొండగ్రామము 1909లో తన కింద నున్న క్లువోజా లోయను 25 సంవత్సరములకు కౌలునకిచ్చెను. అందు మేపు, నరకుడు, వేట మానుకొనుట షరతు. కౌలు సొమ్ము కొరకు ఆ యేటనే ప్రకృతి రక్షణ సంఘమొకటి స్థాపింపబడెను. దాని సభ్యత్వపు చందా సంవత్సరమునకు ఒక్క ఫ్రాంకు. ధనవంతుని దానము కాదు, వేలమంది సామాన్యుల ఒక్కొక్క ఫ్రాంకు. అట్లు మొదలైనదే 1914లో వారి జాతీయ వనమయ్యెను. ఊరివారి భూమిని ఊరివారి యొప్పుదలతో, కౌలు చెల్లించి తీసికొనిరను సంగతి మన మేకల సభ్యుడు గమనింపవలెను. మన దేశమున 1882 మదరాసు అటవీ చట్టము క్రింద అడవులు రక్షితములైన విధము వేరు. ఆ బాధ మన తాతల నాటి నుండి వచ్చుచున్నది.

ఇక మన కొండకు వత్తము.

1848 ప్రాంతమున జెర్డన్ అను మదరాసు సైన్యపు వైద్యుడు మన వైపు పక్షులను సేకరించుచు ఒక వింత పక్షిని కనుగొనెను. ఆంగ్ల గ్రంథములందు దానికి ఆయన పేరే నిలిచినది. మనవారు దానిని కలివికోడి యందురు. కలివిపొదల మాటున నుండును గనుక ఆ పేరు సార్థకము. అది కోడి జాతి కాదు. తీతువు కంటె కొంచెము చిన్నది, జానెడు పొడవుకు కొంచెము పైన. తల నలుపు, కంటిమీదుగా వెడల్పైన తెల్లని బొమచార, గొంతున గోధుమ వన్నెతో కలిసిన ఎరుపు మచ్చ, రొమ్మున రెండు గోధుమవన్నె పట్టీలు దండలవలె. పగలంతయు పొదక్రింద కదలక కూర్చుండును. మట్టిలో మట్టిగా కలిసిపోవును. రాత్రియందు బయలుదేరి నేలపై పరుగులు పెట్టుచు చెదలను, పురుగులను ఏరుకొని తినును. ఎగురుటకంటె పరుగెత్తుటయే దానికి ప్రియము.

పెన్నాలోయలోను, గోదావరి వైపు సిరొంచ, భద్రాచలము ప్రాంతములందును అప్పుడప్పుడు దానిని చూచినట్లు పూర్వపు వ్రాతలున్నవి. 1900లో అనంతపురము దగ్గర చూచినదే కడపటిది. పిమ్మట ఎనుబది సంవత్సరములకు పైగా ఎవరికిని కనబడలేదు. ఆ జాతి నశించినదని గ్రంథకర్తలు వ్రాసిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు మాత్రము ఆశ వదలలేదు. 1980 తరువాతి దశకమున వారి పరిశోధకుడు భరత్ భూషణ్ పక్షి బొమ్మలను పట్టుకొని కడప జిల్లా గ్రామములలో తిరిగెను. చదువుకొన్నవారిని కాక, వలలు పన్నువారిని, గొర్రెల కాపరులను, రాత్రి వేటకు పోవువారిని అడిగెను. 1986 జనవరిలో సిద్ధవటము దగ్గరి రెడ్డిపల్లె వైపు అడవిలో స్థానికుడైన వేటగాడొకడు రాత్రి దీపపు వెలుతురున పొదల నడుమ నిలిచిన పక్షిని చేతితో పట్టి తెచ్చెను. బొమ్మలోని పక్షియే! నూరేండ్లకు దగ్గరగా లోకము పోగొట్టుకొన్న దానిని మన పల్లెవాని కన్ను గుర్తించినది. పాపము, ఆ పక్షి కొలది దినములకే చనిపోయెను. దాని శరీరము బొంబాయిలో భద్రపరుపబడినది.

ఆ 1986వ సంవత్సరముననే ఆల్ప్సు పర్వతములందు మరియొక కార్యము జరిగెను. గడ్డపు గద్ద యని చెప్పదగిన పెద్ద రాబందు అక్కడ పూర్వము నివసించెడిది. రెక్కలు చాచిన తొమ్మిది అడుగులు. అది గొర్రెపిల్లలను, పసిబిడ్డలను సైతము ఎత్తుకొని పోవునని జనులు నమ్మి, తలకింత యని బహుమానము పెట్టి చంపించిరి. వాస్తవమున దాని ముఖ్యాహారము చచ్చిన మృగముల ఎముకలు. ఎముకను ఆకాశమునకు తీసికొనిపోయి రాతిపై జారవిడిచి, పగిలిన ముక్కలను మ్రింగును. 20వ శతాబ్ది ఆరంభమున ఆ నిరపరాధి ఆల్ప్సు నుండి అంతరించెను. 1986లో ఆస్ట్రియాలోని రౌరిస్ లోయలో పెంపుడు కేంద్రములందు పుట్టిన పిల్లలను మరల విడిచిపెట్టిరి. 1991 నుండి స్విట్జర్లండులోను విడిచిరి. 1997లో అడవిలో మొదటి పిల్ల బ్రతికి ఎగిరెను. పదకొండు సంవత్సరములు వేచినారన్నమాట! వరుసగా రెండేండ్లు వానలు తప్పిన చెట్లను కొట్టివేయ జూచు మనకు ఆ ఓర్పు ఆశ్చర్యమే.

కలివికోడి విషయమున తరువాత జరిగినది కొంత మేలు, కొంత కీడు. 1988లో దాని కొరకే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. వైశాల్యము 464 చదరపు కిలోమీటర్లు. తపాలాశాఖవారు అదే సంవత్సరమున దాని బొమ్మతో బిళ్లను వేసిరి. పక్షి కంటబడుట దుర్లభము గనుక శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. పొదల నడుమ మెత్తని మట్టిని పలుచగా, బద్దలుగా పరచి, ఉదయమున అందలి అడుగుజాడలను పరీక్షించిరి. తీతువు అడుగునకు, కలివికోడి అడుగునకు గల భేదమును కొలతలతో నిర్ణయించిరి. తప్పిపోయిన దూడను జాడబట్టి వెదకు మన కాపరుల విద్యయే యిది, పేరు మాత్రము కొత్తది. 2000 తరువాత దాని కూతయును యంత్రమున పట్టిరి. ప్రొద్దు గ్రుంకిన రెండు మూడు గడియలకు, కొలది నిముషముల పాటు, రెండక్షరముల కూతను మరల మరల కూయును. తరువాత మౌనము.

ఇక కీడు. సోమశిల జలాశయము క్రింద 57 గ్రామములు మునిగెను. ఇల్లు వాకిలి పోగొట్టుకొన్నవారు ఎచ్చటనో నిలువవలెను, ఎచ్చటనో దున్నవలెను. పొదల నేలలు అందుకు గురియైనవి. ఇందు ఎవరిని నిందింపగలము? 2005లో తెలుగుగంగ కాలువ పనులలో త్రవ్వకపు యంత్రములు కలివికోడి తిరుగు నేలనే కొంతమేర చెరచెను. తగవు సుప్రీంకోర్టు నియమించిన సాధికార సంఘము వరకు పోగా కాలువ దారి మార్చబడెను. కరవుసీమకు వచ్చు నీటికాలువను ఒక పిట్ట కొరకు వంచుటయా యని అప్పుడు కొందరు నవ్విరి. కాలువ ఆగలేదు, దారి మాత్రము మారినదని వారికి చెప్పవలసియున్నది.

2008 తరువాత చాల సంవత్సరములు నిశ్చయమైన జాడ దొరకలేదు. మరల నశించినదని భయపడిరి. 2025 ఆగస్టులో పక్షులను పరిశీలించువారు కొందరు ఆంధ్రప్రదేశమున రాత్రివేళ దాని కూతను విని యంత్రమున పట్టినట్లు ప్రకటించిరి. అనగా దీపము ఆరలేదు, మిణుకుమిణుకుమనుచున్నది.

ఇచట ఒక చిన్న వింత చెప్పి ముందునకు సాగెదను. కలివికోడి గ్రుడ్డును లోకమున ఎవరును ఎరుగరని అనుకొనుచుండగా, 2013లో స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుశాలలో ఒకటి కలదని తేలెను. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతమున నున్న ఒక పశువైద్యుడు దానిని సేకరించి పంపెనట. చిన్న కొండదేశమువారి పెట్టెలో మన కొండ పిట్ట గ్రుడ్డు శతాబ్దము దాగియుండెను.

ఇప్పుడు మేకల సభ్యుని ప్రశ్నకు అసలు సమాధానము. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు. బొత్తిగా బయలు నేలయు పనికిరాదు. రేగు, తుమ్మ, కలివిపొదలు అక్కడక్కడ నిలిచి, నడుమ పరుగెత్తుటకు నేల ఖాళీగా నుండవలెను. ఎత్తైన పొదలు హెక్టారునకు, అనగా రెండున్నర ఎకరములకు, 300 మొదలు 700 వరకు ఉన్నచోట దాని జాడలు ఎక్కువగా దొరికినవని పరిశీలకులు లెక్క తేల్చిరి. దీని యర్థమేమి? మేకలు, ఎద్దులు మితముగా మేసి, ఊరివారు మితముగా వంటచెరకు కొట్టుకొన్న నేలయే దానికి అనుకూలము. మేపు బొత్తిగా మాన్పించినచో పొదలు కమ్ముకొని దానికి దారి యుండదు. మితిమీరినచో పొదయే మిగులదు. యంత్రము పెట్టి ఒక్క దినమున నేలనంతయు చదును చేసి నిమ్మతోట వేసినచో ఇక చెప్పనేల. కాబట్టి మేకయు కలివికోడియు పుట్టుశత్రువులు కావు. మితము తప్పుటయే దానికి శత్రువు. అడవిని తాళము వేసి కాపాడవలెనను అధికారులును, అడవి యెవరిదో కాదు మాదేయని మందను విచ్చలవిడిగా తోలు మనవారును ఈ విషయమున సమానముగా పొరపడుచున్నారని నా యభిప్రాయము.

మితమును ఎవరు నిర్ణయింపవలెను? స్విట్జర్లండులోని టోర్బెల్ అను గ్రామపు కట్టుబాటు నాకు మిక్కిలి నచ్చినది. 1517వ సంవత్సరమున ఆ యూరివారు వ్రాసికొన్న నియమమిది: చలికాలమున తన గడ్డితో ఎన్ని ఆవులను పోషింపగలడో, అంతకు మించి ఏ గృహస్థుడును ఉమ్మడి కొండబీటికి తోలరాదు. అధికమునకు అపరాధము. రాజు చేసిన చట్టము కాదు, పండితుని బోధయు కాదు. ఊరివారు ఊరివారిపై పెట్టుకొన్న కట్టు. అది శతాబ్దములు నిలిచినది. పరపతి సంఘమున ఎవరి వాటాకు తగిన అప్పు వారికని నిర్ణయించుకొన్న మనకు ఈ లెక్క కొత్తది కాదు. మన యూళ్లలో ఎండకాలమున ఎవరి చొప్ప ఎన్ని తలలకు సరిపోవునో ప్రతి యింటివానికి తెలియును. దానినిబట్టి మేపు వంతులు వేసికొనుట, ఒక వైపు కొండను ఒక కారు విడిచి మరియొక వైపు మేపుట కష్టమైన పని కాదు. ఒక మంద యజమానియే ఒప్పుకొనుట కష్టము. సంఘముగా నిర్ణయించినచో అందరును ఒప్పుకొందురు.

అయితే ఆ దేశమున అంతయు సుఖమని ఎవరైన అనుకొన్నచో పొరపాటు. 1995లో ఇటలీ వైపు నుండి తోడేళ్లు తమంత తాము తిరిగి వచ్చినవి. గొర్రెల మందలలో పడినవి. కాపరులు మొరపెట్టుకొనిరి. ప్రభుత్వము పరిహారమిచ్చెను, మందను కాచు పెద్ద కుక్కలను పెంచుటకు సాయము చేసెను. పట్టణవాసులు తోడేలును కాపాడవలెననిరి, కొండవాసులు గొర్రెను కాపాడుడనిరి. 2020లో దేశమంతయు ఓటు వేసి తోడేళ్లను సులభముగా చంపు చట్టమును స్వల్ప ఆధిక్యముతో త్రోసివేసిరి. 2022లో శాసనసభ మరల చట్టము మార్చి, నష్టము జరుగక మునుపే కొన్నిటిని కాల్చుటకు వీలు కల్పించెను. ఆ తగవు నేటికిని తీరలేదు. రాత్రి యంతయు శనగచేనులో మంచె మీద కూర్చుండి అడవిపందులను అదలించు మన రైతునకు ఆ కాపరి బాధ మనకంటె బాగుగ ఎవరికి తెలియును? పంట నష్టమునకు పరిహారము కోరి తిరుగుటలో పోవు పనిదినములను ఎవరు లెక్కించుచున్నారు? మృగములను కాపాడుడని రైతునకు చెప్పువారు మొదట ఈ లెక్కను సరిచేయవలెను. దూరమున నున్నవాని ఆనందమునకు దగ్గర నున్నవాడు మూల్యము చెల్లించుట న్యాయము కాదు.

కలివికోడి విషయమున ఈ చిక్కు లేకపోవుట మన భాగ్యము. అది పంటను ముట్టదు, కోడిపిల్లను పట్టదు. దానివలన రైతునకు లాభమేమని అడిగినచో, దాచక చెప్పవలెనన్న, లాభము స్వల్పమే. నాలుగు చెదపురుగులను తినును. దాని కొరకు మనము విడువవలసినదియు స్వల్పమే. లంకమల చుట్టును మన కొండలలో ఇంకను కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత, రాతిపగుళ్లలో బంగారు వన్నె బల్లి మున్నగునవి కలవు. వాటిని గూర్చి వేరుగా వ్రాయవలసియున్నది. దేవాంగపిల్లిని మాత్రము ఒక మాట చెప్పక విడువజాలను. అరచేతిలో ఇమిడెడి ఆ సాధుజంతువు కన్నులు మంత్రములకు పనికివచ్చునని చంపుట ఇంకను అక్కడక్కడ వినబడుచున్నది. స్విస్సువారు కొండమేక కడుపులో రాతికై వెదకి చివరకు మేకనే పోగొట్టుకొనిరి.

పెన్న ఆవలి యొడ్డున మేపు గల సభ్యులకు ఒక మనవి. చీకటి పడిన రెండు మూడు గడియలకు పొదలనుండి రెండక్షరముల కూత మరల మరల వినబడినను, దీపపు వెలుగున రొమ్మున రెండు పట్టీలు గల పక్షి నేలపై నిలిచియుండగా కనబడినను, దానిని పట్టవలదు, కుక్కను వదలవలదు. 1986లో చేతికి చిక్కిన పక్షి ఎన్నాళ్లు బ్రతికెనో పైన చెప్పితిని. స్థలమును, తిథిని, వేళను గుర్తుంచుకొని అటవీశాఖవారికో, సంఘ కార్యదర్శికో తెలియజేసిన చాలును. మేపు వంతుల విషయము రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో చేర్చవలెనని కోరినవారు తమ మందల తలల లెక్కను, వేసవికి నిలువయున్న చొప్ప లెక్కను వెంట తీసికొని రావలెను.